చప్పుడు రాని దెబ్బ

జులై 4

ఒరేయ్ తమ్ముడూ,

ఫోన్ చేయకుండా అక్క ఉత్తరం రాసిందేమిటా అనుకుంటున్నావు కదూ. ఫోన్లో అయితే నువ్వు ఏదో ఒకటి అని నవ్విస్తావు, నేను నవ్వేస్తాను, అసలు విషయం అటకెక్కుతుంది. ముప్పై ఏళ్ళుగా ఇదే తంతు. ఈసారి అలా జరగనివ్వను. నువ్వూ ఉత్తరమే రాయాలి.

మొన్న మధ్యాహ్నం మా ఆసుపత్రి ఎక్స్‌రే గదికి ఒక పిల్లను తీసుకొచ్చారు. చూస్తే పక్క వీధి దర్జీ గారమ్మాయి. మన పిడుగుతో కలిసి ఐదో తరగతి చదువుతుందే, ఆ పిల్ల. కుడి ముంజెయ్యి వాచిపోయింది. ఎడమ చేత్తో దాన్ని పొట్టకు ఆనించి పట్టుకుంది. ఏడుపు లేదు, మూలుగు లేదు, పెదవులు మాత్రం తెల్లగా పాలిపోయాయి. చెయ్యి బల్ల మీద పెట్టించి, కదలకు తల్లీ అని, పైనుంచి ఒకటి పక్క నుంచి ఒకటి తీశాను. ఎముక వంగి ఒక పక్క చీలింది. పిల్లల ఎముకలు ఎండుపుల్లల్లా విరగవురా, పచ్చి కొమ్మలా వంగి చీలతాయి. ఎలా పడ్డావమ్మా అని అడిగాను. ఆ పిల్ల నా ముఖం చూసి తల దించేసుకుంది. వెనక నిలబడ్డ టీచరమ్మే నోరు విప్పింది.

"మీ అమ్మాయే తోసిందండీ."

వరుసలో ఎవరు ముందు నిలబడాలన్న దగ్గర గొడవట. బడి మెట్ల మీద నుంచి తోసింది. పడ్డాక ఆ చేతినే పట్టుకుని లే లే అని లాగింది. లేవకపోతే అక్కడే వదిలేసి వెళ్ళి మంచినీళ్ళు తాగింది.

తోసినందుకు నాకు భయం లేదు. పిల్లలన్నాక తోసుకుంటారు. మంచినీళ్ళు తాగింది చూశావా, నా భయమంతా దానికే. పెద్ద టీచరు గారైతే నా ముఖం మీదే అన్నారు, మీ పిల్లలో జాలి లేదండీ అని. ఈ నెల ఇరవై అయిదున మాట్లాడటానికి పిలిచారు. బడిలో ఉంచుకోవాలో వద్దో అప్పుడు తేలుస్తారట. బడి పోతే ఇంకో బడి దొరుకుతుంది. కానీ నా కూతురికి జాలి లేదన్న ఆ మాట ఉంది చూడు, దాన్ని అబద్ధం చేసి తీరాలి నేను.

ఇంటికొచ్చి గట్టిగా అడిగితే ఒకటే మాట, "లేవమన్నాను, లేవలేదు."

ఇప్పుడు నీ సంగతి. దాని పుట్టినరోజుకు నువ్వు పంపిన ఆట నాలుగు నెలలుగా రోజూ ఆడుతోంది. అందులో చప్పుళ్ళన్నీ మా తమ్ముడే చేశాడని, చివర్లో వాడి పేరు కూడా పడుతుందని చుట్టుపక్కల వాళ్ళను పిలిచి మరీ చూపించాను. మధ్యలో ఏముందో మాత్రం కూర్చుని చూడలేదు. ఏముందిరా అందులో? నవ్వించకుండా చెప్పు.

మీ బావ లారీ దిగి వచ్చి సంగతి విని, సుత్తి కోసం ఇల్లంతా వెతికాడు. కంప్యూటర్ ఏం చేసిందని ఆపాను.

మీ అక్క

---

జులై 9

అక్కా,

నీ ఉత్తరం కదలకుండా కూర్చుని చదివాను. ఎక్స్‌రేకు కూర్చున్నట్టే ఉంది. సరే, నవ్వించను.

ఆ ఆటలో యుద్ధం ఉంది. తుపాకులు, కత్తులు, ఒట్టి చేతులతో కొట్లాట. విరగ్గొట్టడాలు కూడా ఉన్నాయి. పెట్టె పక్కన పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకే అని అచ్చేసి ఉంది. నువ్వు చూడలేదా? నేను దాన్ని పిడుగుకు పంపలేదే. పిడుగుకు పంపింది రంగులేసే పుస్తకం. ఆట నీకు. అక్క నా పేరు చూస్తుందని ముచ్చటపడి, ఇంకో పార్సిల్ కట్టడానికి బద్ధకించి, పుట్టినరోజు పార్సిల్లోనే పడేశాను. నీకని ఒక చీటీ అంటించాల్సింది. ఆ తప్పు నాదే.

కానీ మిగతాదంతా నా నెత్తిన రుద్దకు. నేను పనిచేసేది గోడలకు దూది దిండ్లు కొట్టిన ఒక చిన్న గది. అక్కడ ఎవరి ఎముకా విరగదు. తడి తువ్వాలులో అరడజను క్యారెట్లు చుట్టి మైకు ముందు మెలితిప్పుతాను. మెడ విరిగితే అక్రోటు కాయలు. కత్తి దిగితే క్యాబేజీ. సాయంత్రానికి ఆ కూరగాయలన్నీ మా వాచ్‌మన్ ఇంటికి పట్టుకెళతాడు. నేను కూరల కొట్టులో పనిచేస్తున్నానని ఇప్పటికీ అతని అనుమానం.

అయినా మనం ఆడలేదా? మేడ మీద కర్రలతో రోజూ యుద్ధమే కదా. నిన్ను నేను ఎన్నిసార్లు చంపి ఉంటాను? పెద్దయ్యాక నేనేమన్నా హంతకుణ్ణయ్యానా? పిల్లలకు ఆట ఆటే అని తెలుసు. మనం అనుకున్నంత అమాయకులు కారు వాళ్ళు.

ఇంకో సంగతి. మొన్న నీ ఫోన్ నుంచి పిడుగు నాకు ఒక వాయిస్ మెసేజ్ పంపింది. "మామయ్యా, నీ చప్పుడు తప్పు. చెయ్యి విరిగితే అలా రాదు." ఎంత చెవి చూశావా దానిది! మా ఆఫీసులో అందరికీ వినిపించాను. పదేళ్ళ పిల్ల నా పనికి వంక పెట్టిందని అందరూ ఒకటే నవ్వు. పెద్దయితే నా కుర్చీ దానికే.

పెద్ద టీచరు మాటలు అంతగా పట్టించుకోకు. ఆరోగ్యం చూసుకో.

తమ్ముడు

---

జులై 13

తమ్ముడూ,

నీ ఉత్తరం మొదటి రెండు పేజీలు చదివి కోపం వచ్చింది. ఆఖరి పేజీ చదివి వెంటనే నా ఫోన్ తీశాను.

ఆ మెసేజ్ ఎప్పుడు పంపిందో చూశావా? నా ఫోన్లో వెతికాను. జులై రెండో తారీఖు సాయంత్రం ఆరింటికి. ఆ మధ్యాహ్నమే ఆ పిల్ల చెయ్యి విరిగింది. అంటే నా కూతురు స్నేహితురాలి చెయ్యి విరగ్గొట్టి, ఇంటికొచ్చి, చప్పుడు ఎలా వచ్చిందో మామయ్యకు చెప్పింది. మీరంతా చేరి నవ్వారు.

దాన్ని పిలిచి ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగాను, విరిగితే ఎలా వినిపిస్తుందో తెలుసుకుందామనే తోశావా అని. నా వంక అలాగే చూసి తల దించుకుంది. కాదనలేదురా. కాదని ఒక్క మాటంటే చాలని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు.

ఆట నాకు పంపావు కదా, ఆదివారం పొద్దున కూర్చుని ఆడాను. మొదట గోడకేసి కాల్చుకుంటూ తిరిగాను. తర్వాత చేతనైంది. మూడు గంటల్లో నలభై ఒక్క మందిని చంపాను. వాళ్ళలో ఒక్కడైనా తన దెబ్బ మీద చెయ్యి పెట్టుకున్నాడా? పెట్టుకోలేదు. విరిగిన చేతిని రెండో చేత్తో పట్టుకోని మనిషిని ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను చూడలేదు. మీ ఆటలో ఫెళ్ళున విరుగుతుంది, గావుకేక పెడతాడు, అంతే. మనవైపు వాళ్ళయితే పడిపోయిన కాసేపటికి దులుపుకుని లేచి మళ్ళీ తుపాకీ పడతారు. కట్టు లేదు, నెల రోజులు ఎడమ చేత్తో అన్నం తినడం లేదు. డిస్కు బీరువాలో పెట్టి తాళం వేశాను. పారేయను. నీ పేరు ఉంది కదా అందులో.

నువ్వు కర్రయుద్ధం మాటెత్తావు గనక ఇది చెబుతున్నాను. లేకపోతే చెప్పేదాన్ని కాదు. అప్పుడు నీకు ఎనిమిదేళ్ళు, నాకు పదకొండు. మేడ మీద నా ఎడమ మోచేతి మీద కొట్టావు. "చచ్చావ్" అని అరిచి, గెలిచానని మెట్లు దిగి పరిగెత్తావు. నేను చచ్చినట్టే పడుకున్నాను. ఆట కోసం కాదు, లేవడం చేతకాక. అమ్మకు గోడ మీద నుంచి పడ్డానని చెప్పాను. చెబితే నీ తోలు తీస్తుందని తెలుసు. నాలుగు రోజులు నొప్పి దాచాను. తర్వాత కట్టు కట్టినా సరిగ్గా అతకలేదు. ఇప్పటికీ ఆ చెయ్యి పూర్తిగా చాపలేను. ఎక్స్‌రే పని ఎందుకు నేర్చుకున్నావక్కా అని నువ్వెప్పుడూ అడగలేదు.

అందుకని, మనం ఆడలేదా అని ఇంకెప్పుడూ అనకు.

అక్క

---

జులై 19

అక్కా,

నాలుగు రోజులు కాగితం ముందు పెట్టుకుని ఊరికే కూర్చున్నాను. మోచేతి గురించి ఇప్పుడు రాయలేను. పిడుగు గురించి రాస్తాను, ఎందుకంటే అది ఆలస్యం కాకూడదు.

నిన్న నువ్వు డ్యూటీలో ఉన్నప్పుడు ఇంటికి ఫోన్ చేశాను. ఉత్తరాలే అన్న నీ షరతు తప్పాను, తిట్టుకో. బావ ఎత్తి దానికిచ్చాడు. ఎందుకు తోశావని నేను అడగలేదు. ఆ ప్రశ్న అందరూ అడిగేశారు. నా చప్పుడులో తప్పేమిటో చెప్పమన్నాను. పని మాట అడిగేసరికి వెంటనే నోరు విప్పింది. అది చెప్పినది చెప్పినట్టు రాసుకున్నాను.

"నీ ఆటలో విరిగితే ఫెళ్ మని గట్టిగా వస్తుంది కదా మామయ్యా. దానికి రాలేదు. అరవనూ లేదు. అందుకే ఏం కాలేదనుకున్నా, ఊరికే నటిస్తోందనుకున్నా. నీళ్ళు తాగొచ్చేసరికి లేస్తుందనుకున్నా. నువ్వు కరెక్ట్ చప్పుడు పెట్టుంటే నాకు తెలిసేది కదా."

అక్కా, అది చప్పుడు కోసం తోయలేదు. చప్పుడు రాలేదు కాబట్టి దెబ్బ తగల్లేదనుకుంది. ఆ సాయంత్రం అది నాకు పంపింది వెక్కిరింత కాదు, ఫిర్యాదు. అందరిలోకీ నిజంగా తెలిసినవాడు మామయ్య అనుకుంది, ఆ మామయ్య తప్పు చెప్పాడని కనిపెట్టింది. నేను దాన్ని ఆఫీసులో వినిపించి నవ్వులపాలు చేశాను. మరి అమ్మ అడిగినప్పుడు కాదని ఎందుకనలేదు అన్నాను. "అమ్మ అప్పటికే నమ్మేసింది" అంది.

ఆట వల్లే తోసిందని ఇప్పటికీ అనను. తోసింది వరుసలో గొడవ వల్ల. కానీ ఆ విరిగిన చెయ్యి పట్టుకుని లాగింది, ఆపకుండా లాగింది చూడు, అది మాత్రం నా వల్లే. దెబ్బ అంటే పెద్ద చప్పుడని పదకొండేళ్ళుగా నేనే నేర్పుతున్నాను, దానికీ ఇంకా ఎంతమందికో. క్యారెట్లు ఎంత గట్టిగా విరిగితే అంత బాగా చేశావని భుజం తట్టేవారు.

సోమవారం మా ఆఫీసు పెద్దాయనతో మాట్లాడతాను. ఏం అడగాలో నాకింకా తెలియదు. అడగడం మాత్రం ఖాయం.

తమ్ముడు

---

జులై 31

తమ్ముడూ,

ఫోన్ చేసినందుకు తిట్టను. ఈ ఒక్కసారికి.

నీ ఉత్తరం వంటింట్లో నిలబడే రెండుసార్లు చదివి, పిడుగు దగ్గరికి వెళ్ళి క్షమించమని అడిగాను. నీ మాట వినకుండానే నమ్మేశానమ్మా, తప్పు నాది అన్నాను. అప్పుడు ఏడ్చింది, ఇన్నాళ్ళకు. ఏడ్చి ఏడ్చి, "దాని చెయ్యి నేను లాగానమ్మా" అంది. తోశానని కాదు, లాగానని. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. జాలి ఉందిరా దానికి. ఎక్కడ చూపాలో తెలియలేదు, అంతే. అది నేర్పించేదే.

ఇరవై అయిదున బడికి వెళ్ళాం. పెద్ద టీచరు గారు అంతా విని, కథ బాగుందండీ, మార్పు కనిపించాలి కదా అన్నారు. అర్ధసంవత్సరం పరీక్షల దాకా గడువిచ్చారు. చాలన్నాను.

మొదటి పని, దర్జీ గారింటికి వెళ్ళడం. రోజూ సాయంత్రం వెళ్ళి ఆ పిల్ల కుడి చెయ్యి చేయాల్సిన పనులన్నీ నువ్వే చేయాలని పిడుగుకు చెప్పాను. నోట్సు రాయడం, జడ వేయడం, గుండీలు పెట్టడం. మొదటి రోజు దర్జీ గారి భార్య మా ముఖం మీదే తలుపేసింది. ఆవిడ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేదాన్ని. రెండో రోజూ వెళ్ళాం. మూడో రోజూ. పిడుగు అరుగు మీద నిలబడేది, నేను వీధి చివర నిలబడేదాన్ని. నాలుగో రోజు దర్జీ గారే బయటికొచ్చి, "గుమ్మానికి అడ్డంగా నిలబడితే బట్టలిచ్చేవాళ్ళు ఎలా వస్తారమ్మా, లోపలికి రా" అన్నారు. ఆ పిల్ల మొదట మాట్లాడలేదట. నోట్సులో తప్పు రాస్తే మాత్రం ఊరుకోలేక దిద్దిందట. ఆ తప్పు దగ్గర మాటలు కలిశాయి.

రెండో పని నా సొంత ఆలోచన. బడి అయ్యాక దాన్ని ఆసుపత్రికి తీసుకెళ్ళి, ఎక్స్‌రే గది బయట బెంచీ మీద నాతో పనిచేసే ఆవిడ దగ్గర కూర్చోబెడుతున్నాను. ఇదీ ఒక ఆటే అని చెప్పాను. వచ్చినవాళ్ళను చూసి ఎవరికి ఎక్కడ నొప్పో అడక్కుండా కనుక్కోవాలి. మొదటి రోజు గట్టిగా అరుస్తున్నవాళ్ళను మాత్రమే చూపించింది. అన్నీ తప్పే, ఎక్కువ అరిచినాయనకు బెణుకు. ఐదో రోజు గోడకానుకుని చడీచప్పుడు లేకుండా కూర్చున్న ముసలాయన్ని చూపించి, "అమ్మా, ఆయన భుజం. అటువైపు ఊపిరి కూడా గట్టిగా పీల్చట్లేదు" అంది. తీసి చూస్తే భుజం కింద పక్కటెముక విరిగింది.

నువ్వు నీ వల్లే నీ వల్లే అంటూ కూలబడకు. అది ఇంకో రకం తప్పించుకోవడం. పెట్టెపై అచ్చు చూడనిది నేను. ఇద్దరం ఉన్నాం, పని చాలా ఉంది.

అక్క

---

ఆగస్టు 3

అక్కా,

మా పెద్దాయనతో మాట్లాడాను. ఎముక విరిగిన చోట చప్పుడు తీసేసి నిశ్శబ్దం పెడదాం, పడినవాడు కాసేపైనా చెయ్యి పట్టుకుని అక్కడే కూర్చోవాలి అన్నాను. ఆయన మంచివాడే, ఓపిగ్గా విన్నాడు. విని, చప్పుడు లేకపోతే ఆడేవాడు స్పీకర్ పాడైందనుకుంటాడయ్యా అన్నాడు. పడినవాడు కూర్చుంటే ఆట నడవదన్నాడు. అదీ నిజమే. అయితే ఎముకలు ఇక నేను చేయను, ఇంకెవరికైనా ఇవ్వండి అన్నాను. మూడో రోజు అడుగుల చప్పుళ్ళకూ తలుపులకూ మార్చారు. నా కింద పనిచేసిన కుర్రాడు ఇప్పుడు నా మీద. ఫరవాలేదు. తడి తువ్వాలు ఉతికి ఆరేసి ఇంటికి తెచ్చుకున్నాను. క్యారెట్లు లేవని వాచ్‌మన్ మాత్రం ముఖం ముడుచుకున్నాడు.

దీనివల్ల ఆట ఆగదని తెలుసు. ఎముకలు ఆ కుర్రాడు విరుస్తాడు, బహుశా నాకంటే బాగా. కానీ పిడుగు అడిగితే చెప్పుకోవడానికి నాకొక మాట కావాలి కదా.

నీ మోచేతి గురించి రాయాలని మూడు కాగితాలు చించాను. నీకు తెలుసు కదా నా మనసు. ఎప్పుడో వీలు చూసుకుని మాట్లాడుకుందాం. ఈలోగా నొప్పులకు మంచిదని ఇక్కడ ఒక తైలం దొరికితే పంపుతున్నాను. ఈసారి నీకని చీటీ అంటించాను.

తమ్ముడు

---

ఆగస్టు 12

తమ్ముడూ,

తైలం అందింది. చీటీ కూడా చూశాను. సీసా లారీ ప్రయాణాలకు పనికొస్తుందని మీ బావ నడుముకిచ్చాను. ఎప్పుడో వంకరగా అతుక్కున్న ఎముకకు తైలమేం చేస్తుందిరా?

నిన్న ఆ పిల్ల కట్టు కోశారు. పిడుగు తనూ లోపలే ఉంటానని పట్టుబడితే దర్జీ గారి భార్య సరేనంది. కట్టు కోసే రంపం నువ్వు చూడలేదు కదా. చిన్నదే గానీ గది అదిరిపోయేంత చప్పుడు. ఆన్ చేయగానే ఆ పిల్ల బిగుసుకుపోయి చెయ్యి లాగేసుకుంది. డాక్టరు ఎంత బుజ్జగించినా ఇవ్వదు. అప్పుడు పిడుగు వెళ్ళి దాని రెండో చెయ్యి పట్టుకుంది.

"చప్పుడే పెద్దది. నొప్పి ఉండదు. అమ్మ చెప్పింది. నొప్పి వస్తే నువ్వేం అనక్కర్లేదు, నాకు తెలుస్తుంది, నేనే ఆపమంటా."

కోసినంతసేపూ అందరం రంపం వైపే చూస్తున్నాం. పిడుగు మాత్రం ఆ పిల్ల ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. మధ్యలో ఒకసారి "ఆపండి" అంది. చప్పుడుకు డాక్టరుకు వినపడలేదు. ఆయన మోచెయ్యి పట్టుకుని ఆపింది. చూస్తే కట్టు అంచు లోపల చర్మానికి గుచ్చుకుంటోంది. ఆ పిల్ల చిన్న మాట కూడా అనలేదు. దర్జీ గారి భార్య అప్పుడు నా వైపు తిరిగింది. కాస్త జరిగి, తన పక్కన నాకు చోటిచ్చింది.

నీ కోసం ఆ రంపం చప్పుడు రికార్డు చేద్దామని ఫోన్ తీశాను. మళ్ళీ జేబులో పెట్టేశాను. నీకిప్పుడు అడుగులూ తలుపులూ కదా. నువ్వు చేసింది చిన్న పనేం కాదు, పిడుగుకు చెప్పాను. "మరి ఎముకలు ఎవరు చేస్తారు?" అని అడిగింది.

అసలు ఈ ఉత్తరం ఎందుకంటే, ఈ పొద్దున సంగతి చెప్పడానికి. పైఅరలో డబ్బా అందుకుంటున్నాను. ఎప్పటిలాగే కుడి చేత్తో. వెనక నుంచి పిడుగు అంది, "అమ్మా, నీ ఎడమ చెయ్యి పూర్తిగా తెరుచుకోదు కదా." మీ బావకు పెళ్ళైన పన్నెండేళ్ళలో తట్టలేదు ఆ సంగతి. దగ్గరికొచ్చి మోచెయ్యి పట్టుకుని మెల్లగా చాపి చూసింది, ఎక్కడ ఆగుతుందో అక్కడే ఆగింది. తర్వాత వరసగా అడిగింది. ఎప్పుడు విరిగింది? చప్పుడు వచ్చిందా? నువ్వు ఏడ్చావా? ఎవరు కొట్టారు?

మొదటి మూడింటికీ నిజం చెప్పాను. నాలుగోదానికి, తెలిసినవాళ్ళు వచ్చి చెబుతారన్నాను.

అది పొద్దున్నుంచీ అడుగుతూనే ఉంది, వాళ్ళెప్పుడొస్తారని. ఉత్తరం వద్దు, ఫోనూ వద్దు. సెలవు పెట్టి రా. దాని ఎదురుగా కూర్చుని నువ్వే చెప్పు. చెబుతున్నంతసేపూ అది నీ ముఖమే చూస్తుంది, ముందే చెబుతున్నాను.

మీ అక్క